ఒక తెలుపు తక్కువ పంచకళ్యాణి

నా నుదుటి పైన, సరిగ్గా నడిమధ్యలో, రూపాయి బిళ్ళంత మేర జుట్టు పుట్టుకతోనే తెలుపు. దాని కింద చర్మమూ తెలుపే. ఇది రోగం కాదు, వయసూ కాదు. మా అమ్మకు ఉంది, మా అమ్మ వాళ్ళ నాన్నకు ఉండేది. తాతగారు దాన్ని నూనె రాసి దువ్వుకుని మరీ ఊరేగేవారట. అమ్మ మాత్రం దాచుకుంది. పెళ్ళికి ముందు కాటుక పూసుకునేది. పదహారురోజుల పండగ నాడు తలంటు పోసుకుని వచ్చిన అమ్మను చూసి మా నాన్న, "పౌడరు ఎక్కువైనట్టుంది, తుడుచుకో" అన్నాడట. ఆ మాటను అమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు, నాన్నను మరిచిపోనివ్వలేదు.

తనకు జరిగింది నాకు జరగకూడదని పదో తరగతి నుంచే నాకు రంగు వేయడం మొదలుపెట్టింది. నెలకు రెండు ఆదివారాలు, భుజాల మీద పాత తువ్వాలు, అమ్మ చేతిలో అరిగిపోయిన పళ్ళబ్రష్షు. భీమవరం నుంచి నిజాంపేటకు కాపురం మారినా ఆ కార్యక్రమం మారలేదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. అసలు బయటివాళ్ళలో ఎవరికీ తెలియదు.

హైటెక్ సిటీలో ఒక గాజు భవనం ఆరో అంతస్తులో నా ఉద్యోగం. నేను టెస్టర్‌ని, అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పడతాను. తప్పులు పట్టినందుకు జీతం ఇస్తారంటే మా బంధువులు ఇవాళ్టికీ నమ్మరు. అన్నాళ్ళూ బీమా ప్రోగ్రాములు చూసిన మా టీముకు ఒక సోమవారం ఉన్నట్టుండి గుర్రాల ప్రాజెక్టు వచ్చింది. విదేశాల్లో గుర్రాలు పెంచేవాళ్ళు గుర్రం జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి ఒక ల్యాబుకు పంపుతారు. ల్యాబు వాటిలో జన్యువులు చూస్తుంది. పుట్టబోయే పిల్లకు తెలుపు వస్తుందా, వస్తే ముఖాన వస్తుందా, కాళ్ళకు వస్తుందా అన్నది మా ప్రోగ్రాము లెక్కగట్టి రిపోర్టు ఇవ్వాలి. టీములో ఎనిమిది మందిమి. గుర్రాన్ని ముట్టుకున్నవాడు ఒక్కడే, చిన్నప్పుడు నెక్లెస్ రోడ్డు మీద గుర్రమెక్కి ఫోటో దిగాడు. అతన్ని వెంటనే గుర్రాల నిపుణుడిగా నియమించారు.

ల్యాబు నుంచి ఒకావిడ వీడియో కాల్‌లో మాకు పాఠం చెప్పింది. మచ్చల విషయంలో తెలుపన్నది రంగే కాదంది. పిల్ల కడుపులో ఉన్నప్పుడు రంగు తయారుచేసే కణాలు వెన్నెముక దగ్గర పుట్టి, అక్కడి నుంచి అటూ ఇటూ ఒంటి నిండా ప్రయాణం కడతాయి. నుదురు, ముక్కు, గిట్టల పైభాగం అన్నిటికన్నా చివరి మజిలీలు. కొన్ని జన్యువులు ఉంటే బయలుదేరేవే తక్కువ, లేదా మెల్లగా నడుస్తాయి. వేళకు చేరుకోని చోట జుట్టూ తెల్లగా ఉండిపోతుంది, కింద తోలూ గులాబీగా ఉండిపోతుంది. ఒకే జన్యువు ఉన్న రెండు పిల్లల్లో కూడా ఒకదానికి నాలుగు కాళ్ళూ తెల్లబడవచ్చు, ఇంకొకదానికి మూడే.

నాకు ఇట్టే అర్థమైంది. వానాకాలం పొద్దున నిజాంపేటలో బయలుదేరినవాళ్ళలో తొమ్మిదింటికి ఎంతమంది సీట్లో ఉంటారో నాకు తెలుసు. తెల్లకాలు అంటే ఖాళీ సీటు. ఇన్నేళ్ళుగా మా అమ్మ పళ్ళబ్రష్షుతో కప్పిపెడుతున్నది మచ్చ కాదు, గైర్హాజరు. "మనుషుల్లోనూ ఇలాంటిదే ఉంది, నుదుటి పైన తెల్లటి పాయతో పుడతారు" అని ఆవిడ అనగానే నేను నా కెమెరా ఆపేశాను.

ప్రోగ్రామును పరీక్షించాలంటే ఉత్తుత్తి గుర్రాల వివరాలు కావాలి. ఎన్నని కల్పిస్తాం? ఒకరోజు ఇంటి నుంచి పనిచేస్తూ నా కుటుంబాన్నే ఎక్కించాను. తాతగారు మగ గుర్రం, అమ్మ ఆడ గుర్రం. నాకు పుట్టబోయే పిల్లకు ముఖాన తెలుపు నూటికి యాభై అని రిపోర్టు వచ్చింది. అదే సమయానికి కాఫీ తెచ్చిన అమ్మ నా భుజం మీదుగా లాప్‌టాప్‌లోకి చూసింది. "ఆడ గుర్రం, వయసు యాభై ఎనిమిది, ముఖాన తెలుపు ఉంది" అని పైకి చదివింది.

"కన్నతల్లిని గుర్రాన్ని చేశావట్రా?"

"ఉత్తుత్తి వివరాలమ్మా."

"వయసు ఉత్తుత్తిది కాదుగా! మీ నాన్నను ఏమని రాశావు?"

"మామూలు గుర్రం అని."

దానికి కొంచెం శాంతించి కాఫీ ఇచ్చింది.

ఆ రోజుల్లోనే చందానగర్ సంబంధం కుదిరింది. అమ్మాయిది గచ్చిబౌలిలో ఉద్యోగం. కొత్తవాళ్ళను ఇంటర్వ్యూ చేసి, వాళ్ళు రాసుకున్న రెజ్యూమేల్లో అబద్ధాలు ఏరడం ఆమె పని. ఇది విన్నప్పుడే నా గుండెల్లో రాయి పడింది. వాళ్ళది తరాలుగా చందానగరే. వాళ్ళ తాత లింగంపల్లి స్టేషను నుంచి టాంగా బండి నడిపేవాడట. ఆయన లేడు, ఆయన భార్య ఉంది. ఆ నాయనమ్మ పెళ్ళిచూపుల్లో నా వైపు ఒక్కసారి చూసి మా అమ్మతో అంది:

"మాకేం వద్దు బిడ్డా. పిల్లగాడు పంచకళ్యాణి మీద రావాలె. గంతే."

నాలుగు కాళ్ళకు తెలుపు, ముఖాన తెలుపు, మొత్తం ఐదు తెలుపులున్న గుర్రం పంచకళ్యాణి. వాళ్ళ తాత టాంగా గుర్రం అలాంటిదేనట. చందానగర్ అంతా దాన్ని చూడ్డానికి ఆగేదని ఇంటిల్లిపాదీ చెప్పారు. మా అమ్మ బిత్తరపోయి, "గుర్రమాండీ? మావైపు కారేనండి" అంది. ఎవరూ వినిపించుకోలేదు.

నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య నాలుగు నెలలు. ఆమెకు నిజం చెప్పాలని మూడుసార్లు ప్రయత్నించాను. ఒకసారి మాదాపూర్‌లో ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "మీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టాను కూడా. ఆమె అప్పుడే ఇంటర్వ్యూలో పట్టుకున్న ఒకడి మీద మంటగా ఉంది. "రెండేండ్లు ఖాళీగున్నడట. ఆ జాగల లేని కంపెనీ పేరు రాసిండు. ఖాళీ ఉంటే ఖాళీ అని వదిలెయ్యొచ్చు కదండి? నేనేమన్న తింటనా?" అంది. నేను బిస్కెట్ చాయ్‌లో పడేసుకుని, అది ఎక్కడుందో వెతుకుతూ ఆ పూట గడిపేశాను. మిగతా రెండుసార్లు ఇంతకన్నా అధ్వానం. అమ్మ ఆజ్ఞ ఒకటి నా మెడ మీద ఉండనే ఉంది: "మూడు ముళ్ళూ పడేదాకా నోరు మెదపకు." మెదిపితే ఈ అమ్మాయి నాకు దక్కదని భయం. నాకు ఆమె కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, అంతకు ముందు ఎవరి కోసమూ నేను ఫోన్ చార్జింగ్ చూసుకోలేదు.

పెళ్ళికి నెల ముందు ఆ రంగు నాకు పడక నుదురు బూరెలా వాచింది. చర్మం డాక్టరు ఇక జన్మలో రంగు ముట్టుకోవద్దన్నాడు. అమ్మ రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు ఏదో దుకాణం నుంచి లిప్‌స్టిక్‌లాంటి నల్లటి కడ్డీ తెచ్చింది. పూసుకుంటే నలుపు, నీళ్ళు తగిలితే తెలుపు. చర్మానికి వేరే క్రీము. పెళ్ళి పూట గట్టెక్కిస్తే చాలు అనుకున్నాం.

గుర్రాన్ని వెతుక్కుంటూ ఒక శనివారం పొద్దున బోరబండ వెళ్ళాను. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు. పెళ్ళిళ్ళకు గుర్రాలను కిరాయికి ఇచ్చే యజమానికి యాభై ఏళ్ళుంటాయి, గళ్ళ లుంగీ మీద ఇస్త్రీ చొక్కా. లోపల నాలుగు తెల్ల గుర్రాలు, పక్కన ఒక ఎర్రని ఆడ గుర్రం. దానికి నుదుటి నుంచి ముక్కు దాకా తెల్లటి చార, నాలుగు కాళ్ళకూ తెల్లటి మేజోళ్ళు.

"పంచకళ్యాణి సార్. సిటీ మొత్తంల గిసొంటిది ఇంకోటి లేదు" అన్నాడు.

నేను నాలుగు నెలలుగా గుర్రం కాళ్ళ రిపోర్టులు చదువుతున్నవాణ్ణి. వంగి చూశాను. మూడు కాళ్ళకు తెలుపు అంచు రంపంలా ఎగుడుదిగుడుగా ఉంది. ముందరి ఎడమ కాలికి మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది.

"ఈ కాలికి గీత ఇంత తిన్నగా ఉందేంటండీ?" అన్నాను, తప్పు దొరికినప్పుడు ఆఫీసులో వాడే గొంతుతో.

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఇంకొంచెం పైకి చూశాడు. "సార్, జర గుస్స గావొద్దు. మీ నెత్తి మీద గీత గూడ సీదాగనే ఉన్నది."

తర్వాత ఆయన రెండు చాయ్‌లు తెప్పించాడు. బడిపిల్లల తెల్లబూట్లకు పూసే పాలిష్ పూస్తున్నానని ఆయన చెప్పాడు. నేను మొత్తం చెప్పాను. తాతగారు, కాటుక, పళ్ళబ్రష్షు, వాచిన నుదురు, చందానగర్ అమ్మాయి. జన్మలో మొదటిసారి ఒక పరాయి మనిషికి చెప్పాను, ఒళ్ళు తేలికైంది. కణాల ప్రయాణం కూడా వివరించాను. ఆయన శ్రద్ధగా విని, ఆ ఎడమ కాలు వైపు జాలిగా చూశాడు.

"అంటే మూడు కాళ్ళు డ్యూటీకి రాలే. ఇదొక్కటే టైముకొచ్చింది."

"అంతేనండి."

"వచ్చినదాన్నే పరేషాన్ చేస్తున్నం!"

బయలుదేరేముందు వృత్తి రహస్యం కూడా చెప్పాడు, పాలిష్ మీద హెయిర్ స్ప్రే కొడితే చెమటకు కారదట. "మీరు గూడ కొట్టుండ్రి సార్. ఫికర్ జెయ్యకుండ్రి." గుర్రమూ నేనూ ఒకే డబ్బాతో పెళ్ళికి తయారయ్యాం.

పెళ్ళి చందానగర్ మెయిన్ రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో, లగ్నం పదకొండింటికి. పది గంటల ఎండలో బ్యాండు వెనకాల గుర్రం మీద గేటు దాకా వచ్చాను. తలపాగా కట్టుకోమంటే జుట్టు పాడవుతుందని వద్దన్నాను, ఒత్తిడికి నలుపు అంటుకుంటుందేమోనని అసలు భయం. ఎదురుకోలుకు ఆడపెళ్ళివారంతా గేటు దగ్గర నిలబడ్డారు. అందరికన్నా ముందు నాయనమ్మ, చేతిలో నా కాళ్ళు కడగడానికి నీళ్ళ చెంబు.

ఆవిడ నా వైపు చూడలేదు. గుర్రం చుట్టూ ఒకసారి తిరిగింది. ముందరి ఎడమ కాలి దగ్గర ఆగి, వంగి, చెంబులో నీళ్ళు సగం ఆ కాలి మీద పోసింది.

తెల్లటి నీళ్ళు రోడ్డు మీదికి పారాయి. హెయిర్ స్ప్రే చెమటకే పనిచేస్తుంది కాబోలు, చెంబుకు కాదు.

"తోలు నల్లగున్నది" అంది నాయనమ్మ, బొటనవేలితో రుద్ది చూసి. "అసలు తెలుపైతే కింద తోలు గులాబి ఉంటది." ల్యాబు ఆవిడకు ఇది చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది.

గుర్రం యజమాని చేతులు జోడించాడు. "అమ్మా, నీ కాల్మొక్త! సారుకు అంత ముందే తెల్సు. సారుది గూడ రంగే!" అన్నాడు. సరిగ్గా ఆ మాటకు ముందు బ్యాండువాళ్ళు పాట ముగించారు.

నాయనమ్మ తలెత్తింది. "దిగు."

దిగాను. "వంగు" అంది. వంగాను. మిగిలిన నీళ్ళలో బొటనవేలు ముంచి నా నుదుటి పైన రుద్దింది. నీళ్ళు కళ్ళలోకి కారాయి. ఆవిడ వేలు నల్లబడింది. మూడొందల మంది చూస్తున్నారు. మా అమ్మ పట్టుచీరలో నిలబడి, గేటుకు కట్టిన బంతిపూలను లెక్కపెడుతున్నట్టు అటే చూస్తోంది.

"మా ఇంటాయన గూడ సంతల గిట్లనే ఒక గుర్రాన్ని తెచ్చిండు" అంది నాయనమ్మ. "తొలి వానకు ఒక కాలు నల్లగైంది. పాపం, ముసుగుదన్ని ఏడ్చిండు. ఊరంత పంచకళ్యాణి అని చెప్పుకున్నడు మరి. ఆయన ఇజ్జత్ పోతదని పొద్దుగాల లేచి సుద్ద నూరి నేనే పూసిన. పదకొండేండ్లు పూసిన."

అమ్మాయి నాన్న నోరు తెరిచాడు. "అంటే అమ్మా, మన పంచకళ్యాణి..."

"మూడు కాళ్ళదే రా."

ఆ ఇంట్లో మూడు తరాలు చెప్పుకున్న గుర్రానికి అక్కడికక్కడ ఒక కాలు నల్లబడింది.

"చచ్చేలోపల ఒక్కసారన్న అసలుది చూద్దామని అడిగిన బిడ్డా" అంది నాతో. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది. "గుర్రానికేం తెల్సు? తప్పు రంగేసినోళ్ళది. నీకెవరేసిన్రు?"

మా అమ్మ బంతిపూల నుంచి చూపు తిప్పింది. పదో తరగతి నుంచి మొన్నటిదాకా నా నెత్తి మీద ఉన్న చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. కానీ నాకు ముప్పై ఒక్క ఏళ్ళు.

"నేనేనండి" అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. తర్వాత గుర్రం వైపు తిరిగి వేలితో చూపించింది. "మూడు కాళ్ళు, ముఖం. నాలుగు." ఆ నల్లటి బొటనవేలు తెచ్చి నా నుదుటి మీద పెట్టింది. "గిది ఐదు. లెక్క సరిపోయింది, లోపలికి రా. పిల్లకు మాత్రం నువ్వే చెప్పుకో."

నేను లోపలికి వెళ్ళేలోపే కబురు వెళ్ళిపోయింది. నన్ను పీట మీద కూర్చోబెట్టారు, ఎదురుగా అడ్డుతెర. దాని వెనక ఆమె. ఆమె ముఖం కనిపించదు, తెర కింద పారాణి పెట్టిన బొటనవేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి కదలడం లేదు. ఈ పెళ్ళి అయ్యేదీ కానిదీ ఆ వేళ్ళను చూసి తెలుసుకోవాలని చూశాను, ఏమీ తెలియలేదు. నా చేతిలో తమలపాకు మీద జీలకర్ర బెల్లం. పంతులుగారు ఒకరి తల మీద ఒకరు పెట్టండన్నారు. నేను చెయ్యి ఎత్తాను. అవతలి నుంచి చెయ్యి రాలేదు.

"గుర్రపాయనకు చెప్పినవట" అంది తెర వెనక నుంచి. నాలుగు నెలల్లో నన్ను నువ్వు అనడం అదే మొదలు. "నాకు చెప్పలే."

"ఆయన అడిగాడు."

"అంటే నేనడగాల్నా? సరే, అడుగుతున్న. ఇంకేం దాచినవ్?"

"అమ్మా, లగ్నం!" అన్నారు పంతులుగారు.

"ఒక్క నిమిషం పంతులుగారూ" అంది ఆమె. అది ఇంటర్వ్యూ గొంతు.

"గురక పెడతాను" అన్నాను.

"ఇంకా?"

"వంట వచ్చన్నాను. ఉప్మా ఒక్కటే వచ్చు."

"ఇంకా?"

"మీరు ఫోన్లో పాడిన పాట బాగుందన్నాను."

తెర కింద బొటనవేళ్ళు మొదటిసారి కదిలాయి. "అది గూడనా?" అంది చివరికి. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నవ్వలేదు.

"ఇది పిల్లలకు గూడ వస్తదా?"

"నూటికి యాభై. రిపోర్టు ఉంది."

"వస్తే రంగేస్తవా?"

ఇన్ని ప్రశ్నల్లో ఆలోచించకుండా జవాబు చెప్పింది ఈ ఒక్కదానికే. "వెయ్యను" అన్నాను. నా వెనక మా అమ్మ గాజులు గలగలమన్నాయి. వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ చెయ్యి తన నుదుటి దాకా వెళ్ళి అక్కడే ఆగి ఉంది.

"చాలు. ఇగ పెట్టు" అంది తెర వెనక నుంచి.

నేను పెట్టాను. ఆమె చెయ్యి తెర మీదుగా వచ్చి నా నడినెత్తిని తాకింది. అక్కడ ఆగలేదు. పంతులుగారు "నడినెత్తినమ్మా, నడినెత్తిన" అంటూనే ఉన్నారు, ఆ వేళ్ళు ముందుకు జరిగి, తడి ఇంకా ఆరని ఆ పాయను వెతికి పట్టుకుని, దాని మీద జీలకర్ర బెల్లం గట్టిగా అదిమాయి. తెర దించారు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వేళ్ళు నల్లగా ఉన్నాయి. నా నుదుటి వైపే చూస్తోంది.

పెళ్ళి ఆల్బంలో ప్రతి ఫోటోలోనూ నా ముక్కు మీదుగా ఒక నల్లటి చార దిగి ఉంటుంది. కంప్యూటర్‌లో తుడిచేస్తానని ఫోటోగ్రాఫరు అన్నాడు. ఆమె తుడవనివ్వలేదు.